భయానికి సాపు ప్రతి

ఈ జబ్బు గురించి రాయాలంటే నాకు వెగటు. క్యాన్సరో కిడ్నీయో అయితే చెప్పుకోవడానికి ఒక మర్యాద ఉంటుంది. విన్నవాళ్లు గొంతు తగ్గిస్తారు, పళ్లు పట్టుకొస్తారు. సిటీ బస్సు ఆగిందని చెమటలు పట్టిన మనిషికి, భార్య పక్కవీధికి వెళితే గుమ్మంలో నిలబడి నాడి చూసుకున్న మనిషికి ఆ మర్యాద ఎవరిస్తారు? నాకు నేనే ఇచ్చుకోలేదు.

అయినా రాస్తున్నాను. ఆసుపత్రి వరండాల్లో నాలాంటి వాళ్లను చాలామందిని చూశాను. ఒళ్లో రిపోర్టుల సంచి, రిపోర్టుల నిండా అంతా బాగుందన్న మాట, ముఖంలో మాత్రం చావు. వాళ్లకు కాస్త పనికొస్తుందేమోనని ఒక ఆశ. ఇంకో కారణం ఉంది. ఈ జబ్బు నా ప్రాణం తీయలేదు గానీ, నా భార్య ఇరవై ఆరేళ్లు ఎదురు చూసిన కుర్చీని ఆమె కింద నుంచి లాగేయబోయింది. లాగింది జబ్బేనని అందరికీ చెప్పాను. లాగింది నేను.

నేను ముప్పై రెండేళ్లు దినపత్రికలో పనిచేశాను. సగం కాలం రిపోర్టరుగా పోర్టు, ఉక్కు కర్మాగారం వార్తలు రాశాను. మిగతా సగం డెస్కులో కూర్చుని ఇతరులు రాసినవి దిద్దాను. కిందటేడు రిటైరయ్యాను. మల్కాపురంలో ఉంటాం. నా భార్య వరలక్ష్మి లెక్కల టీచరు. స్కూలు మా ఇంటికి పది నిమిషాల నడక. పిల్లలు లేరు.

మే

మొదటిసారి సింధియా జంక్షను దగ్గర, సిటీ బస్సులో వచ్చింది. మిట్టమధ్యాహ్నం. ముందు లారీల వరస, వెనక లారీల వరస, మధ్యలో మా బస్సు. అరగంటగా కదల్లేదు. నిలబడి ఉన్నాను. ముందు అరచేతులు తిమ్మిరెక్కాయి, తర్వాత పెదాల చుట్టూ. ఆ వెనకే గుండె, లోపల ఎవరినో పెట్టి గడియ వేసినట్టు, బాదడం మొదలెట్టింది. గాలి పీలుస్తున్నాను, చాలడం లేదు.

మనిషికి చివరి క్షణంలో దేవుడు గుర్తొస్తాడంటారు. నాకు వార్త గుర్తొచ్చింది. 'సీనియర్ పాత్రికేయుడు గుండెపోటుతో మృతి.' జిల్లా పేజీలో సింగిల్ కాలమ్, తపాలా బిళ్లంత ఫొటో. అలాంటివి నా చేత్తో ఎన్ని దిద్దానో. 'ఆయనకు భార్య ఉన్నారు' అనే ఆఖరి వాక్యంతో సహా కనపడింది.

బస్సు దిగి టీ బడ్డీ బల్ల మీద కూలబడి బావమరిదికి ఫోన్ చేశాను. వాడి పేరు సింహాచలం. పోర్టులో క్రేను నడుపుతాడు. డ్యూటీ దిగి ఇంటికి వెళుతున్నవాడు స్కూటరు తిప్పుకుని వచ్చాడు.

"ఏటయింది బావా? ఏటలగ చెమట్లు? ఎవులైనా కొట్టినారా?"

"గుండె" అన్నాను.

వాడు ఇంకేం అడగలేదు. నన్ను ముందు కూర్చోబెట్టుకుని, పడిపోకుండా రెండు చేతుల మధ్య బిగించి, చంటిపిల్లాణ్ణి తీసుకెళ్లినట్టు తీసుకెళ్లాడు. దారి పొడవునా ఒకటే మాట: "సచ్చిపోకు బావా. అప్ప నన్ను సంపేత్తాది." అప్పంటే వాడి అక్క, నా భార్య.

ఆసుపత్రిలో ఈసీజీ తీసిన అమ్మాయి ఛాతీ మీది జిగురును గుడ్డతో మెల్లగా తుడిచి, చొక్కా బొత్తాలు తనే పెట్టింది. "ఏం కాదు తాతగారూ" అంది. ఈ జబ్బులో నాకు దక్కిన మొదటి మంచి మాట అదే. దానికీ చిరాకుపడ్డాను. నాకు యాభై తొమ్మిదేళ్లే.

రిపోర్టు బాగుంది. డ్యూటీ డాక్టరు తలెత్తకుండా "గ్యాసు" అన్నాడు.

జూన్, జూలై

రెండు నెలల్లో నాలుగు ఆసుపత్రులు తిరిగాం. ఛాతీలో నొప్పి వస్తే ముందు గుండెనే చూపించుకోవాలి. అందులో తప్పు లేదు, ఇది చదివేవాళ్లు కూడా అదే చేయాలి. తప్పు తర్వాత జరిగింది. చివరికి యాంజియోగ్రామ్ కూడా చేశారు. రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయని ఆ పెద్ద డాక్టరు నవ్వుతూ చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. ఏదో ఒకటి అడ్డం పడి ఉంటే బాగుండునని మనసులో అనుకున్నాను. బయట బల్ల మీద పొద్దుటి నుంచి ఏమీ తినకుండా కూర్చున్న వరలక్ష్మి, బాగుందన్న మాట విని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమె సంతోషం చూసి విసుక్కున్నాను. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నోట్లో చేదుగా ఉంటుంది.

ఊళ్లో వాళ్లందరికీ నా రోగం తెలిసిపోయింది. ఒకాయన వెల్లుల్లి పంపాడు. ఒకావిడ తాయెత్తు తెచ్చింది. రోజూ పొద్దున్నే ఫోనులో గుండెకు పది చిట్కాలు. 'ధైర్యంగా ఉండాలి' అని చెప్పనివాళ్లు లేరు. ధైర్యం బజారులో దొరికేదైతే కిలోల లెక్కన కొని ఉండేవాణ్ణి కానా?

వాళ్లందరి మీద కంటే నా మీద నాకు ఎక్కువ రోత. వేలికి తగిలించుకునే ఆక్సీమీటరు కొన్నాను. పది నిమిషాలకోసారి చూసుకునేవాణ్ణి. తొంభై ఎనిమిది ఉంటే తొంభై తొమ్మిది ఎందుకు లేదని బెంగ. బయటికి వెళితే భుజాన ఒక సంచి. అందులో నీళ్ల సీసా, నాలుక కింద పెట్టుకునే మాత్రలు, ఆక్సీమీటరు, తడిగుడ్డ. పసిపిల్లల తల్లులు మోసే సంచికీ దీనికీ తేడా పాలసీసా ఒక్కటే. బస్సులు మానేశాను. సింహాచలం స్కూటరు లేకపోతే గడప దాటను. వరలక్ష్మి ఇంటర్వెల్లులో పరుగెత్తుకొచ్చి నన్ను చూసి మళ్లీ పరుగెత్తేది. ఆమె చీర అంచుకు దారిలోని నల్లటి ధూళి, అరచేతులకు సుద్దముక్క పొడి. గేటు చప్పుడు వినపడేదాకా నేను గడియారం కింద నిలబడేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ప్రమోషన్ల సీనియారిటీ జాబితా వచ్చింది. వరలక్ష్మి పేరు పైన ఉంది. ఇరవై ఆరేళ్లుగా ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ ఆమెకు ముందు ఉంటూ వచ్చారు. ఈసారి హెడ్మాస్టరు పోస్టు ఖాయం. ఎక్కడ వేస్తారన్నదే తెలియాలి.

"దగ్గిర్లో ఏత్తారో లేదో" అంది ఆమె, బియ్యం ఏరుతూ, నా వైపు చూడకుండా.

నేను వేలు ఆక్సీమీటరులో పెట్టాను.

ఆగస్టు

నాలుగు ఆసుపత్రులు చేయని పని మా వీధి చివర క్లినిక్కులోని ముసలి డాక్టరు చేశాడు. రిపోర్టుల కట్ట విప్పి ఒక్కొక్కటీ చదివి, "గుండెకేమీ లేదు నాయనా. నువ్వు భయానికి భయపడుతున్నావ్" అన్నాడు. సీతమ్మధారలో ఒక సైకాలజిస్టు పేరు చీటీ మీద రాసిచ్చాడు.

ఆ వెయిటింగ్ రూములో కూర్చోవడం నాకు ఆపరేషను బల్ల మీద పడుకోవడం కంటే కష్టమైంది. ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తే? పేపరు అడ్డం పెట్టుకున్నాను. పక్కన ఒక నడివయసు ఆవిడ, మెడలో చిన్న సిలువ, ఒళ్లో టిఫిను డబ్బా. కాసేపు చూసి, "పేపరు తలకిందులుగా ఉంది బాబూ" అంది. తర్వాత డబ్బా తీసి రెండు అరిసెలు చేతిలో పెట్టింది. "నాక్కూడా మొదట్లో అలాగే ఉండేది. తినండి. తినేటప్పుడు చావు గుర్తుకు రాదు." ఆమె పేరు అడగలేదు. మళ్లీ కనపడలేదు.

సైకాలజిస్టు పేరు గ్రేస్. ముప్పై అయిదేళ్లుంటాయి. నా కథంతా విన్నది. నేను ఏం పని చేసేవాణ్ణో అడిగింది. పోర్టు వార్తలు రాసేవాణ్ణంటే కాస్త నవ్వింది.

"అయితే మీకు సులువుగా చెప్పొచ్చు సార్. తుపాను వచ్చేటప్పుడు పోర్టులో ప్రమాద హెచ్చరిక జెండా ఎగరేస్తారు కదా, నంబరు పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ. మీ ఒంట్లో ఎవరో తుపాను లేకుండానే పదో నంబరు ఎగరేస్తున్నారు. జెండా చూసి మీరు పరుగెడుతున్నారు. మీరు పరుగెట్టారు కాబట్టి తుపాను నిజమేనని ఆ ఎగరేసేవాడు నమ్ముతున్నాడు."

"మరి నేనేం చేయాలి?"

"పరుగెత్తకుండా నిలబడి ఆకాశం చూడాలి."

ఇన్ని వేల వార్తలు దిద్దిన నాకే ఈ పోలిక తట్టకపోవడం చిన్నతనంగా అనిపించింది. ఆమె ఒక నోటుపుస్తకం పెట్టమంది. పేజీకి నాలుగు గళ్లు: ఏం జరిగింది, అప్పుడు ఏమనుకున్నాను, దానికి ఆధారమేమిటి, దాన్ని కాదనే ఆధారమేమిటి. భయం వచ్చినప్పుడల్లా రాయాలి.

రాయడమే కదా, నా పని అది. వారం తిరిగేసరికి పన్నెండు పేజీలు నింపి తీసుకెళ్లాను. స్కేలుతో గీసిన గళ్లు, కొట్టివేత లేని అక్షరాలు. గ్రేస్ ఓపిగ్గా చదివింది.

"చాలా బాగా రాశారు సార్. ఎప్పుడు రాశారు ఇవి?"

"చిత్తు ప్రతి వేరే కాగితం మీద రాసుకుని, తగ్గాక స్నానం చేసి, సాపు రాశాను."

"చిత్తు ఏది?"

"చింపేశాను. చదివేలా లేదు."

ఆమె పుస్తకం మూసింది. "నాక్కావలసింది అది. మీరు భయాన్ని దిద్ది తెస్తున్నారు. దిద్దాక అందులో భయం ఉండదు. మంచి తెలుగు ఉంటుంది."

దారంతా ఆమెను తిట్టుకున్నాను. డెస్కులో మాకు మొదటి పాఠం అదే. రిపోర్టరు పంపిన పచ్చి కాపీ పాఠకుడి దాకా పోకూడదు. కుర్రాడు రిపోర్టరు రొప్పుతూ ఫోనులో చెప్పింది మా చేతిలో పడి నాలుగు పేరాల నిదానమైన వార్త అయ్యేది. ఆ నిదానమే మా గొప్ప. అది జబ్బులో అడ్డం వస్తుందని ఎవరనుకుంటారు?

సెప్టెంబరు

వైద్యం పేరుతో చేసినవి చెబితే నవ్వుతారు. ముసలి డాక్టరుతో మాట్లాడి, గుండెకు ఇబ్బంది లేదని రూఢి చేసుకున్నాక, గ్రేస్ నా చేత కావాలని ఆ బాధలే తెప్పించింది. నిమిషం పాటు గబగబా ఊపిరి తీయాలి. తిరిగే కుర్చీలో గిరగిరా తిరగాలి. ముక్కు మూసుకుని కొబ్బరిబొండం స్ట్రాతో గాలి పీల్చాలి. ఉన్నచోటే పరుగెత్తాలి. గుండె దడ వస్తే ఆపుకోవడానికి ఏమీ చేయకుండా కూర్చోవాలి. ఎక్కడికీ పోయేది లేక అదే తగ్గుతుంది. తగ్గిందని ఒంటికి తెలియాలి.

చెమట చొక్కా వీపుకు అంటుకుని, నోట్లో స్ట్రా పెట్టుకుని, ఒక చదువుకున్న అమ్మాయి ముందు ఎగురుతున్నాను. అంత అసహ్యంగా నన్ను నేను ఎప్పుడూ చూసుకోలేదు. బయటికొచ్చేసరికి సింహాచలం బల్ల మీద నుంచి లేచాడు.

"లోపల నీ సేత డాన్సు సేయిత్తన్నారా ఏటి బావా? నేల అదిరిపోతంది."

"నోర్ముయ్."

"ఎన్నో నంబరు దాకా ఎల్లింది?"

హెచ్చరిక నంబర్ల సంగతి వాడికి ఒకసారి చెప్పాను, అదే పాపం. అప్పట్నుంచీ పొద్దున్నే ఫోన్ చేసి, "ఇవాళెన్నో నంబరు?" అనేవాడు. మూడంటే, "అలగైతే ఓడలు కదలొచ్చు" అనేవాడు. విసుక్కునేవాణ్ణి గానీ, 'ధైర్యంగా ఉండు' అని ఒక్కసారీ అనని మనిషి వాడొక్కడే.

సంచిలోంచి ఒక్కొక్కటీ తీసేయడం తర్వాతి మెట్టు. ముందు తడిగుడ్డ, తర్వాత మాత్రలు. ఆ తర్వాత బస్సు. ఒక స్టాపు, రెండు స్టాపులు, చివరికి ఒంటరిగా సీతమ్మధార దాకా. ఆ రోజు కిటికీ పక్కన కూర్చున్నాను. సింధియా దగ్గర బస్సు ఆగింది. చేతులు తిమ్మిరెక్కాయి. ఆకాశం చూడాలనుకుని బయటికి చూస్తే బస్సు పక్కనే ఒక స్కూటరు. దాని మీద ఎర్ర హెల్మెట్టు పెట్టుకున్న మనిషి అటు తిరిగి కూర్చున్నాడు. కాళ్లకు పోర్టు బూట్లు.

బస్సు దిగాను.

"ఏమిట్రా ఇది?"

హెల్మెట్టు లోపల్నుంచి, "నాను కాదు" అంది గొంతు.

"జన్మలో హెల్మెట్టు పెట్టుకోనోడివి, ఇవాళ ఎందుకు పెట్టావురా?"

వాడు తీశాడు. నెత్తంతా చెమట. "నువ్వు బస్సులో పడిపోతే ఎత్తడానికి మనిషుండొద్దేటి? అప్ప పంపింది. నాను రానన్నాను. దాని మొకం సూస్తే రాకుండా ఉండలేకపోయినాను."

నడిరోడ్డు మీద వాణ్ణి నానా మాటలూ అన్నాను. వాడు తల వంచుకుని విని, ఆఖర్న, "తిట్టడం అయిపోతే ఒక మాట. ఇంతసేపు అరిసినావు కదా, ఊపిరాడలేదా నీకు?" అన్నాడు.

ఆడింది. ఆ సంగతి నేను గమనించనే లేదు.

అక్టోబరు

వరలక్ష్మికి ఉత్తర్వు వచ్చింది. పద్మనాభం మండలంలో ఒక ఊరి హైస్కూలు. ఇక్కడి నుంచి రెండు బస్సులు మారాలి. పొద్దున్న ఆరింటికి బయల్దేరితే మళ్లీ ఇంటికి వచ్చేసరికి ఆరు. మధ్యలో పన్నెండు గంటలు నేను ఒక్కణ్ణే. ఇంటర్వెల్లు పరుగులు ఉండవు. రెండు వారాల్లో చేరాలి, లేదా వద్దని రాసివ్వాలి. వద్దంటే మళ్లీ ఎప్పుడో, అసలు వస్తుందో రాదో.

బస్సు ఎక్కగలుగుతున్నాను గానీ, పూర్తిగా ఒక పగలంతా ఒంటరిగా ఉన్నది లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఉత్తర్వు కాగితం టీవీ మీద రెండు రోజులు పడి ఉంది. మూడో రోజు అన్నం దగ్గర ఆమే అంది.

"నానెల్లనులెండి. ఈ వయసులో నాకా బస్సులెందుకు? వద్దని ఒక లెటరు రాసిపెట్టండి. ఆ బాస నాకు రాదు."

నా గుండె ఆ క్షణంలో చల్లబడింది. అయిదు నెలల్లో ఏ మాత్రా ఇవ్వనంత హాయిగా ఊపిరి ఆడింది. ఇది దాచుకోవాలని చాలా అనిపించింది. దాచితే ఈ వ్యాసం రాయడం ఎందుకు?

లెటరు రాశాను. 'అనివార్యమైన కుటుంబ కారణాల రీత్యా పదోన్నతిని స్వీకరించలేని స్థితిలో ఉన్నానని తెలియజేయుటకు చింతిస్తున్నాను.' 'చింతిస్తున్నాను' కొట్టేసి 'విచారిస్తున్నాను' అని పెట్టాను. మళ్లీ చదివి, మొదటిదే నయమని దాన్నే ఉంచాను. భార్య ఇరవై ఆరేళ్ల కష్టానికి ఉరి బిగిస్తూ, తాడుకు మంచి ముడి పడిందా లేదా అని చూసుకున్నాను. ముడి బాగా కుదిరిందని సంతోషించాను కూడా. సంతకం చేయించడానికి సాపు ప్రతి తీసి, నోటుపుస్తకంలో భద్రంగా పెట్టాను.

మర్నాడు గ్రేస్ ముందు పుస్తకం తెరిస్తే ఆ లెటరు జారి బల్ల మీద పడింది. ఆమె చదవలేదు. నా వైపు తోసి, "ఏమిటిది సార్?" అంది. చెప్పాను.

"కుటుంబ కారణాలంటే ఎవరు?"

కాగితం మడవబోయాను.

"దీన్ని కూడా నాలుగు గళ్లలో రాద్దామా? ఇప్పుడే, ఇక్కడే. చిత్తు."

రాశాను. ఏమనుకున్నాను: ఆమె వెళితే నేను చచ్చిపోతాను. ఆధారం: గడి ఖాళీ. కాదనే ఆధారం: మే నుంచి ఇప్పటిదాకా పదో నంబరు ఎన్నిసార్లు ఎగిరిందో నా పుస్తకంలోనే ఉంది. ఒక్కసారీ తుపాను రాలేదు. ఒక పేరూ తేదీ లేని వదంతి పట్టుకుని ఏ కుర్రాడైనా నా డెస్కుకు వస్తే కాపీ ముఖాన కొట్టి ఉండేవాణ్ణి. అలాంటి వదంతిని అయిదు నెలలు మొదటి పేజీలో వేశాను.

ఇంటికి వచ్చి లెటరు చింపి, "నువ్వు చేరు" అన్నాను. వరలక్ష్మి కళ్లల్లో నీళ్లు తిరుగుతాయనుకున్నాను. ఆమె చేతిలోని అట్లకాడ పొయ్యి గట్టు మీద విసిరికొట్టింది.

"ఇప్పుడు గుర్తొచ్చినానా? రెండ్రోజులు ఆ కాగితం టీవీ మీదుంటే పక్కనుంచి తిరిగినారు. ఎల్లమని ఒక్క మాటంటారేమోనని సూసినాను. నాను వద్దన్న మరుచ్చణం మీ మొకం ఎలగ వెలిగిందో నాకు కనిపించలేదనుకుంటన్నారా? మీకొక్కరికేటి రోత? ఆ వేలి మిషను సూస్తే కిటికీలోంచి గిరాటెయ్యాలనిపిస్తాది. గుమ్మం కాడ మీరు నిలబడితే నాకు ఇంట్లోకి రాబుద్ధి కాదు. ఎన్నిసార్లు వీధి చివరే నిలబడిపోయినానో తెలుసా మీకు?"

తెలియదు. అయిదు నెలలు ఆమె ముఖమే చూస్తూ బతికాను. అందులో ఏముందో చూడలేదు. ఆ సాయంత్రం ఆక్సీమీటరులోంచి రెండు బ్యాటరీలు తీసి టీవీ రిమోటులో వేశాను. ఆమె చూసింది. తర్వాతి పది రోజులు సెలవు పెట్టి, లెక్కల టీచరులా పాఠం పెట్టింది. మొదటి రోజు ఇంట్లో నేను ఒంటరిగా గంట, తర్వాత రెండు గంటలు, తర్వాత సగం పూట. తను తమ్ముడింట్లో కూర్చునేది. నేను ఫోన్ చేయకూడదు, తను రాకూడదు. అయిదో రోజు ఓడిపోయి ఫోన్ చేశాను. "ఎన్నో నంబరు?" అంది. ఎనిమిదన్నాను. "నాలుగయ్యాక సెయ్యండి" అని పెట్టేసింది. అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. కోపంతోనే నాలుగుకు దిగింది.

నవంబరు

సోమవారం ఆరింటికి ఆమె చేరడానికి వెళ్లింది. గంధం రంగు చీర, చేతిలో కొత్త ఫైలు. సింహాచలం బస్టాపు దాకా దించాడు. ఆ రోజు మా ఇంటి వైపు రాకూడదని వాడి చేత ఒట్టు వేయించాం.

పదకొండుంపావుకు భయం వచ్చింది. రాకుండా ఉంటే ఈ వ్యాసం ముగింపు గొప్పగా ఉండేది. వచ్చింది, పూర్తి బలంతో. నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఏది తోస్తే అది, అప్పటికప్పుడు రాశాను.

సాయంత్రం ఆరు దాటాక గేటు చప్పుడైంది. నేను కుర్చీలోంచి లేవలేదు. ఆమె కాళ్లు కడుక్కుని, నీళ్లు తాగి, నా పక్కన కూర్చుని చెయ్యి చాపింది. పుస్తకం ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని చదివింది.

'పదకొండుంపావు. వచ్చింది. చేతులు. పెదాలు. పది. చస్తాను. చావటం లేదు. ముక్కు కారుతోంది. ఫోను చెయ్యను. ఫోను చెయ్యను. వీధిలో ఎవరో గ్యాసు బండవాడితో తగువు. ఏడు. చొక్కా కంపు. నాలుగు. ఆకలి.'

"ఇంత చెత్తగా మీరెప్పుడూ రాయలేదు" అంది.

"సాపు రాయనా?"

"వద్దు." మళ్లీ చూసింది. "ఫోను సెయ్యను అని రెండుసార్లేటి?"

"మొదటిసారి రాసినప్పుడు నాకే నమ్మకం లేదు."

ఆమె నవ్వలేదు. "పదకొండుంపావుకి నాను ఫోను సేత్తో పట్టుకునే కూకున్నాను. పిల్లలంతా వరసలో నిలబడి దండాలు పెడతంటే, ఒక సేత్తోనే పెట్టినాను" అంది. పుస్తకం మూసి పక్కన పెట్టింది. నా నాడి చూడలేదు, అన్నం తిన్నారా అని అడగలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తి వాసన చూసుకుని ముఖం చిట్లించింది.

"ఓలమ్మ, ఆ స్కూలు గురించి ఏటి సెప్పమంటారు. హెడ్మాస్టరు గది ఎన్నాళ్లబట్టి తెరవలేదో. నా కుర్చీ మీద పావురాల రెట్ట జానెడు మందం. బీరువా తెరిస్తే రిజిస్టర్ల మధ్య ఎలకలు పిల్లల్ని పెట్టీసినాయి. నాలుగు బకెట్ల నీళ్లు పోసినా ఆ కంపు పోలేదు. రేపు ఫినాయిలు పట్టుకెళ్లాలి."

ఆమె ఆగకుండా చెబుతూనే ఉంది. మరుగుదొడ్ల సంగతి, అటెండరు సోమరితనం, మధ్యాహ్నం సాంబారులో తేలిన పురుగు. ఒక్కొక్కటీ చేతులు తిప్పుతూ, ముక్కు మూసుకుంటూ చెబుతోంది. నేను కాళ్లు ముడుచుకుని వింటున్నాను. ఆరు నెలల్లో మొదటిసారి మా ఇంట్లో నేను కాక వేరేదాని మీద అసహ్యం.

"ఇంకా చెప్పు" అన్నాను.